ముడి వేయరాదు

పుణె,
ఫిబ్రవరి 1993

నర్సప్ప మామకు మేనల్లుడు వెంకటేశ్ దండాలు.

స్కూటర్ విడిభాగాల ఫ్యాక్టరీలో నా పని బాగానే ఉంది. మీ అమ్మాయి శాంతకూ నాకూ లగ్గమని మాటైతే అయింది. తేదీ ఎప్పుడంటే మీరు "చద్దర్ల పని తెమలనీ" అంటారు. తాతేమో "పుణె పోయినోడు పోగు మరిచిండు, వానికి పిల్లనెట్లిస్తం" అంటున్నాడట. తాతకు జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ దుప్పట్లు నేసే పని తెమిలే ఉపాయం మాత్రం చెబుతాను.

మా ఫ్యాక్టరీలో జపాను వాళ్ల పద్ధతి పెట్టారు. కాన్‌బాన్ బోర్డు అంటారు. చెక్క మీద మూడు గదులు గీయాలి: చేయాల్సినవి, నడుస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని కదిలితే చీటీ పక్క గదికి జరుగుతుంది. ఒక పని అయితేగానీ ఇంకోటి మొదలవదనుకోండి, ఆ రెండు చీటీల మధ్య నూలుపోగు కట్టండి. మొదటిది కాగానే పోగు కత్తిరిస్తే రెండోది విడుదలైనట్టే.

మీ
వెంకటేశ్

తా.క.: పెళ్లి చీటీ కూడా ఒకటి పెట్టండి. నా కోసం కాదు, ఉదాహరణకు.

---

నీలం నగర్, సోలాపూర్

చిరంజీవి వెంకటేశ్‌ను మామ నర్సప్ప దీవించి రాసేది.

నీ బోర్డు కరెంటు మగ్గాలు నడిచే మన సాంచెల షెడ్డులో తలుపు పక్కనే కొట్టాను. మొదట్లో బాగా నడిచింది. నూలు వచ్చింది, చీటీ జరిపాను, పోగు కత్తిరించాను. చిక్కు అక్కడే వచ్చింది. మీ అత్త చంద్రభాగ ఊడుస్తూ వచ్చి, వేలాడుతున్న కొసలు చూసింది. "పోగు తెగితే చూస్కుంట తిరుగుతరా? కండ్లు పొయినయా?" అంటూ ముడేసి పోయింది. ఆమె తప్పేముంది? తెగిన పోగు కనిపిస్తే ముడేయని చెయ్యి ఈ నేతగాళ్ల బస్తీలో ఒక్కటి చూపించు. కారప్పొడి అడగడానికి వచ్చిన పార్వతీబాయి కూడా ఓ చెయ్యి వేసి పోయింది. ఏ కొస ఏ చీటీదో ఎవరు చూస్తారు? దగ్గరున్నదానికి తగిలించడమే.

ఇప్పుడు చద్దర్ల రంగు చీటీ మీ అత్త పన్ను పీకించే చీటీకి కట్టి ఉంది. రంగు వేసే బాలయ్య బకెట్లతో సహా వచ్చాడు. "పన్ను ఊడలే, తర్వాత రా" అని పంపేశాను. పద్ధతంటే పద్ధతే కదా! పాపం, తన పళ్లు తడిమి చూసుకుంటూ పోయాడు.

పెళ్లి చీటీ కూడా పెట్టాను. తాత దాని పక్కన "తాతకు నమ్మకం కుదరాలి" అని ఇంకో చీటీ రాయించి, రెంటికీ తానే పోగు కట్టాడు.

నీ మామ
నర్సప్ప

తా.క.: పార్వతీబాయి ముడి ఎంత సన్నదంటే, పోగు ఎక్కడ తెగిందో నాకే కనబడలేదు. మెచ్చుకుని చాయ్ తాగించాను.

---

పుణె

మామా, దండం పెట్టి చెబుతున్నాను!

పంటికీ రంగుకూ ఏం సంబంధం? బోర్డు చెప్పినట్టు మనం వినడం కాదు, మనం చెప్పినట్టు బోర్డు వినాలి. అత్త పన్ను సంగతి తర్వాత, ముందు బాలయ్యను పిలిచి రంగు వేయించండి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ముడి వేయరాదు" అని రాసి తగిలించండి. లేకపోతే నా పెళ్లి ఏ గుమ్మడికాయ వడియాలకు కట్టేస్తారోనని భయంగా ఉంది.

తల పట్టుకుని కూర్చున్న మీ
వెంకటేశ్

తా.క.: తాత కట్టిన పోగు కొంచెం వదులుగా ఏమైనా ఉందా?

---

నీలం నగర్

చిరంజీవి వెంకటేశ్‌కు దీవెనలు.

నువ్వన్నట్టే "ముడి వేయరాదు" అని తెలుగులోనూ మరాఠీలోనూ రాయించాను. ఇదివరకు బోర్డు వైపు చూడనివాళ్లు కూడా ఇప్పుడు ఆగి చదువుతున్నారు. చదివాక కొసలు కనిపిస్తున్నాయి. కొసలు కనిపించాక ఇంకేముంది!

మోటరు బాగుచేయడానికి అంబాదాస్ వచ్చాడు. బోర్డు చూసి, "మోటరు లగ్గానికి కట్టి ఉన్నది మామా. లగ్గమైనంకనే ఇప్పుత" అని వెళ్లిపోయాడు. లగ్గం చీటీ చూస్తే అత్త పన్నుకు కట్టి ఉంది. మీ అత్తేమో "బంద్ పడ్డ సాంచె చాలూ అయినంకనే దవాఖానకు పోత" అంటోంది. సాంచె తిరగాలంటే మోటరు కావాలి. మోటరుకు లగ్గం కావాలి. చద్దర్లు కదలవు, పన్ను కదలదు, నీ లగ్గం అసలే కదలదు. శాంత నాతో మాట్లాడడం మానేసింది. రొట్టె మాత్రం పెడుతోంది, అదీ మాడినది.

నీ మామ
నర్సప్ప

తా.క.: నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్ గంగాధర్ కూడా మన బస్తీవాడే. "ముడి వేయరాదు" అని పైకి చదివాడు. చదువుతూనే రెండు వేశాడు.

---

పుణె

మామా,

ఆదివారం వస్తున్నాను. కత్తెర నేనే తెస్తాను. మీరెవ్వరూ ఏమీ ముట్టుకోకండి, ఊడవడం కూడా ఆపండి.

ఇక్కడ ఇంతమంది బోర్డు పక్కనుంచి పోతారు, ఒక్కడూ చెయ్యి పెట్టడు. తప్పు పోగులది కాదు, మన చేతులది. నయం, నా చెయ్యి ఆ అలవాటు ఎప్పుడో మరిచిపోయింది.

వెంకటేశ్

తా.క.: ఆ చివరి మాట తాతకు చదివి వినిపించకండి.

---

నీలం నగర్

చిరంజీవి వెంకటేశ్‌ను మనసారా దీవించి రాసేది.

చదివి వినిపించాను. నీ తా.క. కూడా.

కోపం తెచ్చుకోకు. అది విన్నాక తాత ముసుగు తన్ని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీ లగ్గం ఇక ఇక్కడితో సరి అని నాకు నిజంగా బాధేసింది. ఆదివారం నువ్వొచ్చి పోగులన్నీ పరపరా కోసేశావు. తాత మంచం మీంచి చూస్తుండగానే తాత కట్టిందీ కోశావు. తర్వాత ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం కాలితో వెతుక్కుంటూ, "ఇగ ఎవ్వరు చెయ్యి పెట్టద్దు, నా మీద కసం!" అని మాకు బుద్ధులు చెప్పావు చూడు, అప్పుడు నీ కళ్లు మా మీద ఉన్నాయి. చెయ్యి మాత్రం బోర్డు మీదికి పోయింది. తాత చీటీ కొస, పెళ్లి చీటీ కొస రెండూ వేళ్ల మధ్యకొచ్చాయి, ముడి పడింది. "అమ్మో, రైలు!" అని నువ్వు పరుగెత్తావు. నీకు తెలియనే తెలియదు. శాంత కొంగు నోట్లో కుక్కుకుంది.

తాత లేచి బోర్డు దగ్గరికొచ్చాడు. ముడిని గోటితో గీరి, గుంజి చూశాడు. ఊడలేదు. "గిది మా రాజమ్మ ముడి. నా బిడ్డ కొడుక్కు మంచిగ నేర్పింది. పోరడు మరువలే" అన్నాడు. కళ్లు తుడుచుకుని, తన చీటీని తన చేత్తోనే "అయిపోయినవి" గదిలోకి జరిపాడు. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుందిరా!

అంబాదాస్ మోటరు విప్పాడు. మాడిన రొట్టె కొరికితే మీ అత్త పన్ను దానంతట అదే ఊడింది. బాలయ్య బకెట్లు దించాడు. వైశాఖంలో ముహూర్తం పెట్టించాను. నీ కత్తెర ఇక్కడే మరిచిపోయావు. తాత దాన్ని దాచేశాడు, ఆ ముడి మాత్రం కొయ్యనివ్వడట.

నీ మామ
నర్సప్ప

తా.క.: లగ్గంలో మూడు ముళ్లు వేశాక చెయ్యి వెనక్కి తీసుకోమని శాంత చెప్పమంది. పక్కన ఇంకో కొస వేలాడుతూ కనిపించినా సరే.