బ్రాకెట్లో ఇంటిపేరు

మాంచెస్టర్,
ఆదివారం

బాపుకు, అవ్వకు కాళ్లు మొక్కి మీ బిడ్డ లావణ్య రాస్తున్న సంగతులు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాపూ, నీ కళ్లు ఎట్లా ఉన్నాయి? చుక్కల మందు మరిచిపోకుండా వేసుకుంటున్నావా? అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? రోజూ ఫోనులో అడిగేవే మళ్లీ అడుగుతున్నానని నాకు తెలుసు. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. ఫోనులో చెప్పబోయి రెండుసార్లు ఊరుకున్నాను, అందుకే రాస్తున్నాను. సతీష్ చదివి వినిపిస్తాడు. తమ్ముడూ, మధ్యలో నీ సంగతి కూడా వస్తుంది. ఆ నాలుగు ముక్కలు దాటేసి చదవొద్దు.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే ముసురు. సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. జొన్నపిండి దొరుకుతుంది గానీ నేను చేస్తే రొట్టె అంచులు పగులుతున్నాయి, అవ్వ చేసినట్టు రావడం లేదు. నాతో గదిలో ఉండే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆదివారం వస్తే మాట్లాడే మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాను, మీరు బెంగ పెట్టుకోకండి. పని యూనివర్సిటీ లైబ్రరీలోనే. పరిశోధన రాసే పిల్లలు వస్తే, వాళ్లు రాసినదాంట్లో బ్రాకెట్లు ఎట్లా పెట్టాలో నేర్పుతాను. తప్పులు బాగా పట్టుకుంటానని అందరూ నా దగ్గరికే వస్తారు. అది తలుచుకుంటే నాకే సిగ్గేస్తున్నది.

బాపూ, గొల్లభామ చీర మీద నేను రాసిన పరిశోధన పుస్తకంలో ఎవరి మాట రాసినా, పక్కనే బ్రాకెట్లో చెప్పిన మనిషి ఇంటిపేరు, చెప్పిన ఏడాది రాయాలి. పూర్తి పేరు చివరి పట్టీలో ఉంటుంది. ఇది చేత్తో రాయరు, దీనికో సాఫ్ట్‌వేర్ ఉంది. వివరాలు ఒకసారి ఎక్కిస్తే బ్రాకెట్లు, పట్టీ అదే తయారుచేస్తుంది. ఇక్కడివాళ్లకు ఇంటిపేరు చివర ఉంటుంది, మనకు ముందుంటుంది. నేను మన వరసలోనే ఎక్కించాను. అది నీ పేరు రాజేశం, పెద్దబాపు పేరు నర్సయ్య అన్నవే మీ ఇంటిపేర్లు అనుకుని బ్రాకెట్లలో పెట్టింది. మా సారు చూసి మార్చమన్నారు. అప్పటికి పుస్తకం అప్పగించే గడువు నెత్తి మీదికి వచ్చింది. అందరి ఇంటిపేర్లూ సరిచేసుకుంటూ పోయాను. మీ అన్నదమ్ముల దగ్గర మన ఇంటిపేరు ఆడెపు అని మాత్రం పెట్టి, సొంత పేర్లు తర్వాత నింపుదామని వదిలేశాను.

మీరిద్దరూ ఒక గదిలో కూర్చోరు కాబట్టి నీతో పొద్దున, పెద్దబాపుతో సాయంత్రం మాట్లాడి రికార్డు చేసుకున్నాను. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఏడాది ఒకటే. ఈ రెండూ ఒకటేలా ఉన్నాయి, కలపనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. సరిగా చూడకుండా కలపమని నొక్కాను. మిగిలిన ఒక్కదానికి పెద్దబాపు రికార్డింగు తగిలించి ఉంది, అందుకని ఆయన పేరు నింపేశాను. పుస్తకమంతా బ్రాకెట్లో ఆడెపు అనే కనిపిస్తుంది, నాకు అనుమానం కూడా రాలేదు. చివరి పట్టీలో ఆడెపు నర్సయ్య ఒక్కడే ఉన్నాడు. నువ్వు లేవు బాపూ.

చీరలో నేసే గొల్లభామ తల మీది కుండకు మెరుపు వచ్చేటట్టు పోగు తిప్పడం నీ పనితనమని, ఆ చీరకు ప్రదర్శనలో శాలువా మాత్రం పెద్దబాపుకు కప్పారని, ఆయన నోరు మెదపలేదని, అప్పటినుంచి నడుమ ఒక్క గోడే ఉన్నా మీకు మాటల్లేవని నాకు తెలియనిది కాదు. ఆ పని ఎవరిదో నలుగురికీ తెలియాలనే నీ మాటలు అన్ని పేజీలు రాశాను. అవన్నీ మళ్లీ ఆయన పేరు మీదికే పోయాయి. మొదటిసారి ఎవరో చేశారు, రెండోసారి నీ బిడ్డే చేసింది.

పుస్తకం ఇంటికి వచ్చిన రోజు నీ పేరు చూపించమని సతీష్‌ను అడిగావట. వాడు వెతికి, లేదని తెలిసి కూడా ఉందన్నాడు. ఆ పెద్దబాపు పేరు మీదే నీ వేలు పెట్టించాడు. నువ్వు చాలాసేపు వేలు తియ్యలేదని నాతో చెప్పి ఏడ్చాడు. వాణ్ని ఏమీ అనకు, తప్పు నాది.

పెద్దబాపుకూ ఒక పుస్తకం పంపాను కదా. వాళ్ల కోడలు పంతులమ్మ, పేజీ పేజీ తెలుగులో చెప్పిందట. ఆయన నాకు ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. "నేను చెప్పని ముచ్చట నా పేరు మీద రాసినవ్ బిడ్డా. గా మాటలు మీ బాపువి" అన్నాడు. నేను తప్పయిందన్నాను, సరిచేస్తానన్నాను. "బుక్కు సంగతి తర్వాత. ముందుగాల వానికి చెప్పు" అన్నాడు. సరేనన్నాను, కానీ చెప్పలేదు. లైబ్రరీవాళ్లు మార్చాక, బాపూ నీ పేరు వచ్చింది అని మంచి మాటగా చెబుదామని ఆగాను. నీ ముందు తప్పు ఒప్పుకోవడానికి భయపడ్డాను, అంతే. పన్నెండో రోజు ఆయన దవాఖానలో పోయాడు.

ఆ రోజు నువ్వు వాళ్ల గేటు దాకా పోయి, లోపలికి పోకుండా తిరిగి వచ్చావని అవ్వ చెప్పింది. నేను ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు ఆయన బతికుండగానే ఆ ఇంట్లోకి పోయేవాడివి.

నెట్‌లో ఉన్న పుస్తకంలో ఇప్పుడు ఆడెపు రాజేశం అని వేరే లైను వచ్చింది. అచ్చయిన పుస్తకాలు మార్చరు, సవరణ చీటీ అంటిస్తారు. రెండు చీటీలు ఇందులో పెట్టాను. ఒకటి మన పుస్తకంలో అంటించమను. రెండోది నువ్వే తీసుకుపోయి పెద్దవ్వకు ఇవ్వు. సతీష్‌ను పంపకు. చిన్నవ్వను, మన వాడకట్టు పెద్దలందరినీ అడిగానని చెప్పండి. అవ్వా, పచ్చళ్లు ఇంకా ఉన్నాయి, ఇప్పుడే పంపకు. నన్ను మనసులో దీవించండి.

బాపూ, పెద్దబాపు ఫోన్ పెట్టేసే ముందు అన్న మాట ఒకటి మిగిలింది.

"శాలువ కప్పిన్నాడే చెప్పేదుండె, నోరు రాలె. గా కుండ మెరుపు నాకు ఎన్నడు చేతకాలె బిడ్డా. అది వాని చెయ్యి. నేనే అన్ననని వానికి చెప్పు."

ఇప్పుడు చెబుతున్నాను.

నీ బిడ్డ,
లావణ్య