టార్పాలిన్ లేని ఇల్లు

ఆదివారం. తుఫాను వెళ్లిన తొమ్మిదో రోజు.

నా మీద అభియోగం: ఊరికి వచ్చిన సాయాన్ని నా నోటితో వెనక్కి పంపానట. ఒప్పుకోను.

నిన్న లారీ ముందు నిలబడి నేను చెప్పింది ఒక్కటే. టార్పాలిన్లు పంచే మనిషి ఒంటరిగా బతికే ఒకామెను సాయంత్రం గోడౌన్‌కి ఒక్కదాన్నే రమ్మన్నాడు. వెళ్లనందుకు జాబితాలో పేరు కొట్టేశాడు. అది వినగానే ఆ మనిషి బియ్యం దించకుండానే లారీ తిప్పుకుపోయాడు.

ఈ ఉదయం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల దగ్గర దానియేలు మావ నిలదీశాడు. "టెక్కలి కాలేజీలో మాటాడినట్టు ఇక్కడా మాటాడేసినావు. సప్పట్లు తింతామేటే? రేపు బియ్యం నువ్విత్తావేటి?"

అందరూ నవ్వారు. గోడౌన్‌కి రమ్మన్నవాడి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. టార్పాలిన్‌కు ఆడదాని ఒంటిని వెలగా కట్టిన రోజే వాడు సాయాన్ని ఆపేశాడు. నేను ఆ సంగతి బయటపెట్టానంతే.

జాబితాలో వాడు కొట్టేసిన పేరు మార్త వదినది. లారీ ముందు ఆమె పేరు ఎత్తలేదన్న గర్వంతోనే ఆమె ఇంటికి వెళ్లాను.

"నా పేరు సెప్పనేదులే అమ్మా. నా ఇల్లు సూపించినావు."

ఊళ్లో టార్పాలిన్ లేని కప్పు అదొక్కటే. అంత చదివి, ఇంత వాదించి, అది నాకెందుకు తట్టలేదో...

రేపు అవే చర్చి మెట్ల మీద నిలబడి ఊరివాళ్లను అడుగుతాను: పంపిణీ ఇకపై బడి ముందు, పట్టపగలు, మన ఆడవాళ్ల చేతుల మీదుగా జరగాలని పట్టుబట్టండి. అందాకా మీ కప్పు మీది టార్పాలిన్ ఒకటి తీసి ఆ ఇంటి మీద వేసి రండి. ఏ ఇల్లో మీకు తెలుసు.