తలుపు దగ్గరగా వేస్తే చాలు

మంగళవారం, బందరు

మా కలంకారీ ఆఫీసు సర్వర్లో ఎవరి ఫైలునైనా ఎవరైనా దిద్దేయొచ్చు. పోయిన వారం సురేష్ పొరపాటున మేరీ గారి తీగ డిజైను మీద తనది సేవ్ చేసేశాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. సర్వరు చూసుకునే నాకు ఒళ్లు మండి, కొత్త ఫైలేదైనా పెట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా నిన్న సెట్ చేశాను.

పొద్దున్నే అచ్చులు చెక్కే వీరాచారి గారికి మేరీ గారి కొత్త డిజైను తెరుచుకోలేదు. పని ఆగిపోయింది.

"గడియ పెట్టేశారేంటండీ? దగ్గరగా వేస్తే చాలు కదా!" అన్నారు మేరీ గారు.

నిజమే. దగ్గరగా వేసిన తలుపు తోసి పక్కింటివాళ్లు పలకరిస్తారు, సామాను మాత్రం కదపరు. అలాగే మార్చాను. మావాళ్లందరూ చూడొచ్చు, దిద్దేది మాత్రం గీసినవాళ్లే. మధ్యాహ్నానికల్లా వీరాచారి గారి ఉలి చప్పుడు వినపడింది. ప్రాణం హాయిగా ఉంది.

గుబులల్లా ఒక్కటే. ఇది కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది, పాత ఫోల్డర్లన్నీ ఇంకా బార్లా తెరిచే ఉన్నాయి. సాయంత్రం ఒక్కొక్కటీ మూసుకుంటూ మేరీ గారి ఫోల్డరు దాకా వచ్చాను. పోయిన తీగ అందులో మళ్లీ కనిపించింది. ఫైలు మీద సురేష్ పేరుంది. పాత దుపట్టా మీది అచ్చు చూసి, ఆకు ఆకూ గీసి, తెరిచి ఉన్న తలుపులోంచే పెట్టి వెళ్లాడు. ఆవిడింకా చూసినట్టు లేదు.

ఆ ఒక్క ఫోల్డరూ మూయబుద్ధి కాలేదు.