రిక్వైటల్ అనే మాట

వినుకొండ,
నవంబరు 6

అమ్మా సిద్దికా,

ఆశీర్వచనంతో మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ముందు చెప్పుకోవాల్సింది ఒకటుంది. నేను పేరయ్య మాస్టారిని. నీకు తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు చెప్పాను. నువ్వు మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేస్తున్నావనీ, బయటిదేశాల వాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేది నువ్వేననీ ఈమధ్యే తెలిసింది. నీ ఫోన్ నెంబరు కూడా సంపాదించాను. రెండుసార్లు నొక్కి, మోగకముందే ఆపేశాను. కాగితం మీదైతే పారిపోకుండా చెప్పగలనేమో అనిపించింది.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. మండలం పోటీకి మాటలు బట్టీ పట్టిస్తున్నాను. రిక్వైటల్ అని బోర్డు మీద రాసి, మనకు మేలు చేసినవాళ్లకు తిరిగి మేలు చేయడం అని అర్థం చెప్పాను. నువ్వు లేచి, "కీడుకు కీడు చేయడం కూడా అదేనండి, మాస్టారూ" అన్నావు. కాదన్నాను. "నేను చదివానండి" అన్నావు. అప్పటికి వారం క్రితమే, పొలం గట్టు తగాదాలో మీ నాన్న మాబు సాహెబు యలమందయ్య తల పగలగొట్టాడని ఆయన్ను స్టేషన్లో పెట్టారు. ఊరంతా అదే మాట్లాడుకుంటోంది. నా నోట్లోంచీ అదే వచ్చింది. "మీ ఇంట్లో ఈ మాటకి ఆ అర్థమే తెలుసులే, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. యలమందయ్య కొడుకు కోటేష్ అందరికంటే ముందు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంతవరకే అయితే నోరు జారానని సరిపెట్టుకునేవాణ్ణి. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గదిలో ఉన్న లావుపాటి నిఘంటువు తీసి చూశాను. నువ్వు చెప్పిందే రైటు. రిక్వైటల్ అంటే తిరిగి ఇవ్వడం. అందింది మేలైతే మేలు, కీడైతే కీడు. మనం ప్రతిఫలం అనీ ప్రతీకారం అనీ విడివిడిగా చెప్పుకునే రెంటినీ ఇంగ్లీషువాడు ఒకే మాటలో పెట్టుకున్నాడు. నిఘంటువు మూసి బీరువాలో పెట్టేశాను. మర్నాడు క్లాసుకొచ్చి గ్రామరు చెప్పాను. ఒక ఆడపిల్ల ముందు తప్పు ఒప్పుకుంటే పిల్లలు నన్ను లెక్కచేయరనుకున్నాను. పోటీ జాబితాలో నీ పేరు కొట్టేసి కోటేష్ పేరు రాశాను. నాలుగు రోజుల తర్వాత నువ్వు బడికి రావడం మానేశావు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేనే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా పద్దెనిమిదేళ్లు అదే మాటను అదే సగం అర్థంతో చెబుతూ వచ్చాను. రెండో అర్థం చెబితే నీ మొహం కళ్లముందుకొస్తుందని భయం.

ఇప్పుడు కోటేష్ వాళ్లు మీ బ్యాచ్ పిల్లలందర్నీ కలిపి పదహారో తారీకున నాకు సన్మానం చేస్తామంటున్నారు. నీకు ఏం చేస్తే తిరిగి ఇచ్చినట్టవుతుందో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

నీ మాస్టారుననిపించుకోలేని
పేరయ్య


మార్టూరు,
నవంబరు 10

మాస్టారు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం యూనిట్లోనే చదివాను. అవతల రాయి కోసే మిషన్ చప్పుడు, అందుకని నేను ఏడ్చింది ఎవరికీ వినపడలేదు.

మీరన్న మాట కంటే ఆ తర్వాతి నాలుగు రోజులే నన్ను ఎక్కువ బాధపెట్టాయండి. నిఘంటువు చూసే ఉంటారు, ఇవాళ చెబుతారు, ఇవాళ కాకపోతే రేపు చెబుతారు అనుకుంటూ వచ్చి కూర్చున్నాను. మీరు చూడలేదేమోనని ఇన్నాళ్లూ మీ తరఫున నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చూశారని ఇప్పుడు తెలిసింది.

మా నాయన ఎవర్నీ కొట్టలేదు. స్టేషన్ నుంచి రాగానే నా తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఒట్టేసిన మనిషిని పట్టుకుని నవ్వుతున్న పిల్లల మధ్య కూర్చోలేక మానేశాను. క్లాసులో జరిగింది చెబితే ఆయన కుంగిపోతాడని ఇంట్లో తలనొప్పి అన్నాను. పాపం, గుంటూరు తీసుకెళ్లి కళ్లద్దాలు కొనిపెట్టాడు. కళ్లు బాగానే ఉన్నా రెండేళ్లు పెట్టుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మా పిల్ల తలనొప్పి వల్ల చదువాపేసింది అనే చెబుతాడు.

ఏం చేయాలని అడిగారు కదా. ఆ సభలో, ఆ పిల్లల ముందే, ఇప్పుడు నాకు రాసిందంతా చెప్పండి. నేను రాను. క్షమిస్తానని మాట కూడా ఇవ్వను. ఒక్కటే, ఈ సంగతి మా నాయన చెవిన పడనీయకండి.

సిద్దికా


వినుకొండ,
నవంబరు 17

అమ్మా సిద్దికా,

చెప్పాను. కానీ ఇంకో తప్పు కూడా చేశాను.

మైకు పుచ్చుకుని మొదటి నుంచీ చెప్పాను. నా గొప్పతనం కొద్దీ చెబుతున్నాననుకుని మొదట చప్పట్లు కొట్టారు. పోటీ జాబితాలో నీ పేరు కొట్టేసిన దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు ఆగిపోయాయి. కోటేష్ శాలువా పట్టుకుని స్టేజి మీదే నిలబడిపోయాడు. "ముందు నవ్వింది నేనే మాస్టారూ" అని కూలబడ్డాడు. శాలువా వద్దన్నాను.

అప్పుడు వంటల షెడ్డు వైపు నుంచి మీ నాన్న వచ్చాడు. ఈమధ్య ఫంక్షన్లకు బిర్యానీ వండుతున్నాడని విన్నాను గాని, ఆ రోజు వంట ఆయనదేనని నాకు తెలియదమ్మా, నమ్ము. మైకులో మొత్తం విన్నాడు. చేతులకు మసాలా అలాగే ఉంది. నా ఎదురుగా నిలబడి, "తలనొప్పి కాదాండీ?" అని అడిగాడు. అంతే. తలపాగా గుడ్డ విప్పి చేతులు తుడుచుకుని, గంటె తనతో వచ్చిన వంటమనిషికి అప్పగించి, "మార్టూరు బస్సు ఎన్నింటికిరా?" అని కోటేష్‌ను అడిగాడు. కోటేష్ తన బండి మీద స్టాండు దాకా దింపి వచ్చాడు.

నువ్వు ఒక్కటే వద్దన్నావు, అదే జరిగింది. నీకు తిరిగి ఇవ్వబోయి నీ దగ్గర మిగిలిన ఒక్కటీ లాక్కున్నాను. ఇక నేను ఏమీ అడగను. తిట్టాలనిపిస్తే తిడుతూ రాయి.

పేరయ్య


మార్టూరు,
నవంబరు 21

గౌరవనీయులైన మాస్టారు గారికి, సిద్దికా నమస్కరించి రాసేది.

నాయన ఆ సాయంత్రం యూనిట్ గేటు దగ్గరికే వచ్చాడు. చొక్కా అంతా నెయ్యి వాసన. ఇంటికి రమ్మన్నా కదల్లేదు, అక్కడే రాళ్ల మీద కూర్చున్నాడు. "నా కోసమే బడి మానేశావా?" అన్నాడు. అవునన్నాను.

"కొట్టానమ్మా. యలమందయ్యను నేనే కొట్టాను. నీ దగ్గర తలెత్తుకోలేక ఒట్టేశాను. నువ్వు మానేసింది ఇందుకని తెలిస్తే ఆ రోజే చెప్పేవాణ్ణి" అన్నాడు.

నాకు కోపం రావాలి మాస్టారూ. ఏ ఒట్టును నమ్మి నేను బడి మానేశానో, అది అబద్ధం. కానీ ఆయన ఏడుస్తుంటే కోపం నిలవలేదు. నేను రెండేళ్లు ఉత్త అద్దాలు పెట్టుకున్న సంగతి చెప్పాను. ఏడుస్తూనే నవ్వాడు. ఇరవై రెండేళ్లు ఒకరి మనసు కష్టపడకూడదని ఒకరం అబద్ధాలు చెప్పుకున్నాం. రెండు రోజులు నా దగ్గరే ఉన్నాడు, ఇద్దరం ఒక్క కంచంలో తిన్నాం. ఆయన చెవిన పడకూడదని రాసినందుకు నేనే సిగ్గుపడుతున్నాను. మీరు నా దగ్గర ఏమీ లాక్కోలేదు.

అయినా, ఆయన కొట్టినా కొట్టకపోయినా క్లాసులో ఆ మాట మీరు అనకూడదు. అది అలాగే ఉంది.

క్షమించానని రాద్దామనే కూర్చున్నాను. చేతికి రాలేదు. మా ఇంట్లో అబద్ధాలు ఈ వారమే మానేశాం, అందుకని రాయడం లేదు. ఆదివారం వినుకొండ వస్తున్నాను. నాయన కూడా వస్తానంటున్నాడు. మీరు ఇంట్లోనే ఉండండి.

మీ విద్యార్థిని
సిద్దికా