మేనమామ లేని పెండ్లి

ఆదోని, మే 1988, శుక్రవారం రాత్రి

ఎమ్మిగనూరు రంగప్ప మళ్లా ఫోన్ చేసినాడు. పక్క పత్తి అంగడి సేటు కేకేస్తే, రెండు వీసీఆర్లూ ఆపేసి ఉరికినాను. ఆయన కూతురి పెండ్లి క్యాసెట్టు పని సగంలో ఉంది. పెండ్లయినాక బామ్మర్దితో చెడిందంట.

"వాడు యాడా కనపడగూడదు. అంతా కత్తిరించు."

"అన్నా, గంపలో మీ పాపను ఎత్తుకొచ్చింది మేనమామే గదా. ఆయన్ను తీసేస్తే పాప మండపంలోకి ఎట్ల వస్తాది?"

"నడిచొచ్చినట్టు పెట్టు."

పాప నడిస్తే గదా పెట్టేది! ఎదురుగా ఉంటే టీవీలో చూపిద్దును. ఫోన్లో యాడ చూపించేది? ఒళ్లు మండింది.

"అసలు టేపు గూడా ఉండగూడదు. రేప్పొద్దున వస్తా. నా ముందరే చెరపాల."

అంతలో వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "నా బిడ్డను మోసింది నా తమ్ముడు!" ఆయన కసిరినాడు. ఫోన్ పెట్టేసినాడు.

ఇంటికొచ్చినాక ఆ ముక్కే మళ్లా మళ్లా వేసుకుని చూసినాను. గంప బరువుకు మేనమామ మెడనరాలు ఉబ్బినాయి, అయినా నవ్వుతానే ఉన్నాడు. పాప ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకొనుంది.

రంగప్ప కోపం నాకు తెలీనిది కాదు. ఎమ్మిగనూర్లో ఇంకెవరూ నాకు పెండ్లి పని ఇయ్యకుండా చేస్తాడేమో...

క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటాది. అది లేకుంటే టేపు మీద ఇంకేమీ ఎక్కదు, ఉండేది చెరగదు. అసలు టేపుకుండే పలుకును స్క్రూడ్రైవరు పెట్టి విరిచేసినాను.

రేపు ఆయన ముందరే రికార్డు బటన్ నొక్కుతాను. మిషను ఒప్పుకుంటాలేదన్నా, అంటాను. అబద్ధం గూడా కాదు.