దబ్బనంతో కుట్టిన నవల

నవంబర్ 3, 1999. బుధవారం

అయిపోయింది! మంచుదేశం పిల్లాడి నవల అయిపోయింది. కాలేజీ నుంచి వచ్చే బస్సులో నిలబడే ఆఖరి పేజీలు లాగించేశా. కండక్టరు "పాస్ చూపించమ్మా, తర్వాత చదువుకుందువుగాని" అంటే చూడకుండా పుస్తకంలోని నెమలీక తీసి చూపించాను. బస్సంతా ఒకటే నవ్వు. నవ్వుకోనీ.

ఆ పిల్లాడు కుక్కని వెతుక్కుంటూ మంచులో నడిచి నడిచి... నేను మంచు ఎక్కడ చూశాను? రొయ్యల లారీలోంచి కారే ఐసు తప్ప! అయినా కాళ్ళు జివ్వుమన్నాయి. కానీ చివర్లో కుక్క అంత తేలిగ్గా దొరకడమే బాలేదు. ఏడిపించడానికి సిద్ధమై కూర్చోబెట్టి, ఆఖర్న బిస్కెట్టు చేతిలో పెట్టారు.

నవంబర్ 4

లైబ్రరీలో లైబ్రేరియన్ మూర్తి గారు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తున్నారు. గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు, పద్నాలుగు ఆదివారం సాయంత్రం — 'నాకు నచ్చిన నవల'. ఇంటర్ దాకా చదివే పిల్లలు మాట్లాడాలి. బాగా మాట్లాడినవాళ్ళని రాజమండ్రి తీసుకెళ్తారట! పుస్తకాల షాపులకి! పిల్లల బీరువాలోకి కొత్త నవలలు ఆ గెలిచినవాళ్ళే ఏరాలట!!

ఆ బీరువాలో ఇప్పుడేముంది? అన్నీ నేను పుట్టకముందువి. నాకంటే ముందు చెదపురుగులే చదివేశాయి.

"నీ పేరు రాసుకోనా గిరిజా?" అన్నారు. తల ఊపాను. ఊపానే కానీ... ఏడో క్లాసులో ఆగస్టు పదిహేనుకి "సభకు నమస్కారం" అని అక్కడే ఆగిపోయిన మహాతల్లిని నేనే కదా. అయినా సరే. రాజమండ్రి!

నవంబర్ 5

ఏ నవల? పాడుబడ్డ బంగళా డిటెక్టివ్ పిల్లలది? మూడో అధ్యాయంలోనే దొంగెవరో నాకు తెలిసిపోయింది, వాళ్ళకే తెలీలేదు. మంచుదేశం? కుక్క మీద కోపం తగ్గలేదు.

రజని — నా బెంచీ — "ప్రేమ నవల చెప్పవే, చప్పట్లు మోగిపోతాయి" అంటుంది. మా నాన్న ముందు వరసలో కూర్చుంటాడే తల్లీ!

నవంబర్ 6

పక్కింటి సుబ్బలక్ష్మి పిన్నిని అడిగా. ట్రంకుపెట్టె నిండా నవలలే. వారపత్రికలో సీరియల్ పేజీలు కత్తిరించి దాస్తుంది, అయిపోయాక తనే కుడుతుంది. బాబాయి రైసుమిల్లు నుంచి తెచ్చిన దబ్బనం, పురికొస. అచ్చం బియ్యం బస్తా కుట్టినట్టే! పైన పాత క్యాలెండరు అట్ట, మైదా జిగురు.

"ఇది తీసుకో. నీ ఈడు పిల్ల కథ. తుఫాను ఏడాది సీరియల్‌గా వచ్చింది, ఊరంతా చదివారు" అని ఒకటి చేతిలో పెట్టింది. 'పంటు పిల్ల'. కాయితాలు తడిసి ఆరి అప్పడాల్లా ఉబ్బి ఉన్నాయి. పెట్టెలోకి నీళ్ళొచ్చాయట అప్పుడు.

నవంబర్ 7. దీపావళి

చిచ్చుబుడ్లన్నీ తమ్ముడికే వదిలేశా. వాడికి అనుమానం — "అక్కా, నీకు జ్వరమా?"

పంటు పిల్ల పేరు సుందరి, పదిహేనేళ్ళు. నాన్న గోదారి మీద పంటు నడుపుతాడు, జనాన్నీ బళ్ళనీ అవతలి ఒడ్డుకి దాటిస్తాడు. పెంచింది నాయనమ్మ. పొద్దున లేస్తే తిట్లు. "పుస్తకం తింటావా, అన్నం తింటావా?" — మా అమ్మ మాటే! మక్కీకి మక్కీ! మా వంటింటి సంగతి ఆ రచయిత్రికెవరు చెప్పారు?

నవంబర్ 8

సుందరి కాకినాడ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నాయనమ్మ మీద అలిగి. ఎందుకలిగిందో ఎక్కడా రాయలేదు, విచిత్రం. అక్కడుండగానే కబురు. నాయనమ్మ పోయింది.

అన్నం సహించలేదు.
"ఎవరు పోయారే అలా ఉన్నావు?" అంది అమ్మ.
"నాయనమ్మ."
"మీ నాయనమ్మ పోయి పదేళ్ళయింది కదే!"

నవంబర్ 9

అబ్బా. అబ్బబ్బా!

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ తర్వాతి అధ్యాయం తిప్పితే — నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతకాయలు దంచుతోంది! సుందరిని తిడుతోంది! కల అని లేదు, జ్ఞాపకం అని లేదు. ఒక్క ముక్క వివరణ లేదు. సుందరి కూడా ఎదురుతిరిగి పోట్లాడుతోంది, ఏమీ జరగనట్టు. ఆ తర్వాతి అధ్యాయంలో మళ్ళీ నాయనమ్మ లేదు. ఖాళీ అరుగు.

పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ చదివా. అర్థమైంది. పోయినవాళ్ళు వెంటనే పోరు. ఓ పూట ఇంట్లోనే ఉంటారు. తిట్టాల్సిన తిట్లు మిగిలి ఉంటాయి కదా, అవి పూర్తిచేసుకుని వెళ్తారు. ఇలా కూడా రాయొచ్చా! ఎంత ధైర్యం! డాబా మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో.

దీని గురించే మాట్లాడతా. ఈ ఒక్క అధ్యాయం గురించే.

నవంబర్ 11

సైకిల్ స్టాండు దగ్గర రజనికి నా ఉపన్యాసం వినిపించా. నోరు తెరుచుకుని వింది. "నా ఒళ్ళు గగుర్పొడిచిందే బాబూ, చూడు కావాలంటే" అని చెయ్యి చూపించింది.

రాజమండ్రి వెళ్ళినట్టే! ఏ సంచీ పట్టుకెళ్ళాలి?

నవంబర్ 12, శుక్రవారం

కొంప మునిగింది.

పిన్నికి చెప్పి మెప్పు పొందుదామని వెళ్ళా. బియ్యంలో రాళ్ళేరుతోంది. నాయనమ్మ చనిపోయాక తిరిగొచ్చిన సంగతి చెప్తుంటే చేట పక్కన పెట్టేసింది.

"ఏంటీ? చచ్చిపోయాక ఎక్కడొస్తుందే? చింతకాయల గొడవ ముందు కదా! ఆ గొడవకే కదా సుందరి అలిగి హాస్టల్‌కి పోయింది!"

పుస్తకం లాక్కుంది. తిరగేసింది. ఇక చూడాలి నవ్వు... కళ్ళంట నీళ్ళు.

"తడిసిన కాయితాలు మంచాల మీదా తలుపుల మీదా ఆరేశానమ్మా. వారపత్రిక కదా, పేజీ నంబర్లు ఏ వారానికి ఆ వారమే. తేదీలేమో అందం కోసం నేనే కత్తిరించేశా. ఒక వారంది తీసుకెళ్ళి వేరేచోట కుట్టేసినట్టున్నాను!"

అంటే నేను దణ్ణం పెట్టింది రచయిత్రికి కాదు. పురికొసకి.

"ఉండు, విప్పి వరస ప్రకారం కుట్టేస్తాను" అని దబ్బనం తెచ్చింది.

"వద్దు పిన్నీ! ముట్టుకోకు!" అని అరిచేశా. ఎందుకరిచానో నాకే తెలీదు. పుస్తకం గుండెకి పట్టుకుని ఇంటికి పరుగు.

నవంబర్ 13

ఊరంతా చదివిన నవల. న్యాయనిర్ణేత రిటైరయిన తెలుగు మాస్టారు. ఆయన చదవకుండా ఉంటారా? మధ్యలో లేచి "అమ్మాయ్, అలా లేదే" అంటే? రాజమండ్రి గోవిందా.

రజని: "కుక్క నవల చెప్పెయ్యవే. సేఫ్."

సరైన వరసలో మళ్ళీ చదివా. ముందు చింతకాయల గొడవ, తర్వాత హాస్టల్, తర్వాత చావు. బాగుంది. బాగానే ఉంది... ఏడుపు మాత్రం రాలేదు.

బోర్డు మీద రాసిందేంటి? నాకు నచ్చిన నవల. నాకు నచ్చింది తప్పుగా కుట్టినదే! కుక్క నవల నచ్చిందని చెప్తే అది పచ్చి అబద్ధం. గెలవాలి — ఛస్తే అబద్ధం చెప్పను — గెలవాలి. ఛీ, ఏంటీ గోల!

నవంబర్ 14

అమ్మ జడ వేసింది. సంచిలో పంటు పిల్ల. వెళ్తున్నా.

నవంబర్ 15, సోమవారం, పొద్దున్నే

మాట్లాడాను! ఆగలేదు! "సభకు నమస్కారం" దాటేశాను!!

ఉన్నదున్నట్టు చెప్పేశా. ఇది రచయిత్రి రాసిన వరస కాదండీ, మా పిన్ని కుట్టిన వరస అని. సభంతా గొల్లుమంది. నాన్న తల దించేసుకున్నాడు. ముందు వరసలో పట్టుచీరలో పిన్ని, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆగలేదు. చావు పేజీ చదివాను. వెంటనే అరుగు మీద నాయనమ్మ తిట్లు చదివాను. వెంటనే ఖాళీ అరుగు. నవ్వు ఎక్కడ ఆగిందో తెలీదు. తల ఎత్తితే నాన్న నన్నే చూస్తున్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ సీరియల్ వారం వారం చదివినవాణ్ణమ్మా నేను. ఈ కథ మాత్రం నేను చదవలేదు. ఆ పుస్తకం ఓసారి ఇస్తావా?" అని అడిగారు. ఎగిరి గంతేద్దామనుకున్నా. ఇంతలో మళ్ళీ — "కానీ పోటీ రచయిత రాసిన నవల మీద కదా... ఆలోచించాలండీ మూర్తి గారూ." గెలిచినవాళ్ళ పేరు సోమవారం పొద్దున, అంటే ఇవాళే, బోర్డు మీద రాస్తారట. ఆలోచించేదేంటి మాస్టారూ! ప్రాణం తోడేస్తున్నారు!

వచ్చేటప్పుడు పిన్ని నాతోనే నడిచింది. కాలవ వంతెన ఎక్కాక అంది — "తుఫానుకి ముందు నెలే మా అమ్మ పోయింది గిరిజా. ఆవిడతో పోట్లాడి వచ్చాను, తర్వాత మళ్ళీ చూడలేదు. ఆ కాయితాలు కుట్టేటప్పుడు..."



"తెలిసే కుట్టావా పిన్నీ?"

"ఏమోనే. ఆ ముసలమ్మ తిట్లు ఇంకొక్కసారి వినాలనిపించింది. అంతవరకే గుర్తుంది."

నిన్నటినుంచీ అదే చెవిలో తిరుగుతోంది.

లైబ్రరీ తెరిచే వేళైంది. వీధి చివర రజని సైకిల్ బెల్లు ఆపకుండా కొడుతోంది. కాళ్ళు నేల మీద లేవు. పుస్తకం సంచిలో పెట్టుకున్నా, మాస్టారికివ్వాలి. పిన్ని గేటు దగ్గరికొచ్చి నిలబడింది. నవ్వట్లేదు.

"కుట్టు విప్పొద్దని చెప్పు ఆయనకి" అంది.