తలుపు మీది మాట

మార్చి 14, బుధవారం

పెద్దవదినకు మీ మరదలి నమస్కారాలు.

మేమిక్కడ క్షేమమని రాసే ధైర్యం లేదు. అక్కడ మీరూ, మీ అమ్మాయీ, పసివాడూ కులాసాగా ఉంటే అదే చాలు. ఫోన్ చేస్తే మీరు ఏడుస్తారు, నేను విసుక్కుంటాను. అందుకే ఉత్తరం.

అత్తయ్యకు జ్వరం దిగింది. నిన్న నర్సును కసిరారు కూడా, అంటే కోలుకుంటున్నట్టే. రక్తంలో మందులకు లొంగని క్రిమి ఉందని ఆస్పత్రివాళ్లు వేరే గదిలో పెట్టాక, ఆవిణ్ణి ఒట్టి చేతులతో ముట్టుకున్నవాళ్లు లేరు. నేనైనా గౌను, మాస్కు, గ్లోవ్స్ తగిలించుకునే అన్నం తినిపిస్తున్నాను. లోపల చేతులు నాని ముడతలు పడ్డాయి. ఇంటికెళ్తే మీ తమ్ముడు కూరలో ఉప్పు లేదంటారు. నిలబడే నిద్రపోతున్నాను వదినా.

మొన్న మీరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోవడం ఆవిడ తలుపు అద్దంలోంచి చూశారు. నేనేదో సర్దిచెప్పబోతే, దానింట్లో బాలింత ఉందే, రాకపోవడమే మంచిదన్నారు. తలుపు మీద ఏం రాశారని అడిగారు. ఇంగ్లీషులో ‘కంటామినేషన్’ అని రాశారని చెప్పాను. జన్మంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి కదా, అంత నీరసంలోనూ మొదలెట్టారు. లాటిన్ నుంచి వచ్చిన మాటట. ముందు ముక్కకు ‘కలిసి’ అని, వెనకదానికి ‘తాకడం’ అని అర్థమట. కాంటాక్టుకు దగ్గర చుట్టమేనట. తాకడంలోంచే మైలపడటం, చెడిపోవడం అనే అర్థాలు పుట్టాయట. మరి తాకేవాళ్లే లేని గదికి ఆ పేరేమిటే అని నవ్వారు. నవ్వి గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను గ్లోవ్స్‌తోనే వీపు నిమిరాను. ఆ రబ్బరు చప్పుడుకు ఇద్దరికీ ఒళ్లు జలదరించింది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయలేదు. పసిబిడ్డను ఎత్తుకునే చేతులు మీవి. మీ స్థానంలో ఉంటే నేనూ గుమ్మంలోనే ఆగేదాన్ని. మళ్లీ రక్తం పరీక్షకు పంపారు, ఏం తేలుతుందో చూడాలి. పసివాడి ఫోటో ఒకటి పంపండి, గోడకు అంటిస్తాను. ఆవిడెలాగూ అటే తిరిగి పడుకుంటున్నారు.

ఓపిక ఇంతే,
మీ మరదలు

తా.క. కవరు అంటించబోతుంటే డాక్టరుగారు పిలిచారు. అత్తయ్య రక్తంలో ఏ క్రిమీ లేదట. మొదటిసారీ లేదట. అప్పుడు రక్తం తీస్తుంటే సీసాలోకి బయటినుంచి ఏదో చేరిందట. చెడింది ఆ సీసా. జ్వరం మామూలు జ్వరమేనట. పొరపాటైందమ్మా అన్నారు. పోట్లాడే ఓపిక లేక తలూపాను. తలుపు మీది కాగితం నేనే పీకేసి, ఒట్టి చేతులతో లోపలికి వెళ్లాను. అత్తయ్య గబుక్కున తన చేతులు దుప్పట్లోకి లాక్కున్నారు. జరిగింది చెప్పాను. అంతా విన్నారు. చేతులు మాత్రం బయటపెట్టలేదు. అలవాటు తప్పిందే, వద్దులే అంటున్నారు. మీరు రండి వదినా. మీరు అడిగితే చెయ్యి ఇస్తారేమో.